మళ్లీ భూమేశ్‌కే బంతి

బంతి మళ్లీ భూమేశ్ చేతికే వెళ్లింది.

వీరభద్రరావుకి ఒళ్లు మండిపోయింది. ఫైనల్ మ్యాచ్. ఆఖరి ఓవర్. ఖురియాత్ జట్టు గెలవాలంటే ఇంకా పన్నెండు పరుగులు కావాలి. పదకొండు దగ్గర ఆగిపోతే స్కోర్లు సమానం. అప్పుడు లీగ్‌లో పైన ఉన్నందుకు కప్పు హమ్రియా జట్టుకే. ఇంత చక్కటి అవకాశాన్ని తీసుకెళ్లి ఎవరైనా భూమేశ్ చేతిలో పెడతారా?

మూడు వికెట్లు తీసిన నర్సింగ్‌కి ఇంకో ఓవర్ మిగిలే ఉంది. అతన్నేమో బౌండరీ దగ్గర కాపలా పెట్టాడు హమ్రియా కెప్టెన్ చైతన్యకృష్ణ. ఐటీ ఉద్యోగం. ఏ బ్యాట్స్‌మన్‌కి ఏ బౌలరో ముందురోజే లాప్‌టాప్‌లో చూసుకుని వస్తాడు. నిరుడు ఫైనల్లో ఆఖరి బంతికి భూమేశ్ గీత దాటి గెలుపు పరుగు ఊరికే ఇచ్చేశాడని ఆ లాప్‌టాప్‌కి తెలుసా? అంతకు ముందు ఏడాది సెమీస్‌లో వరసగా మూడు వైడ్లు వేశాడని తెలుసా? ఓడిన ప్రతిసారీ చైతన్యకృష్ణది ఒకటే మాట. "ప్లాన్ కరెక్టే అంకుల్."

ప్లాన్ కరెక్టే. కప్పే రాదు.

మస్కట్‌లో రూవి వెనక కొండల నడుమ మట్టి గ్రౌండ్ అది. శుక్రవారం కాబట్టి తాడు అవతల జనం బాగానే ఉన్నారు. సైట్‌లో మేస్త్రీగా చేసే పోచన్న గొంతు అందరికంటే పైన ఉంది.

"ఓ కెప్టెన్! నర్సింగ్ కనవడ్తలేడా నీకు? గా భూమేశ్‌కు బాలిచ్చుడెందుకు? మనమే కప్పు బస్సుల వెట్టి ఖురియాత్‌కు పంపుదాం!"

అందరూ నవ్వారు. వీరభద్రరావుకి నవ్వు రాలేదు. అరవాలని ఆయనకీ ఉంది, పోచన్నకంటే గట్టిగా. కానీ భార్య సీతాదేవి ఇంటి దగ్గరే చెప్పి పంపింది. "ఇవాళ ఒక్కరోజైనా నోరు కట్టేసుకోండి. అక్కడ మీరు పెద్దమనిషి." పొద్దున ఖురియాత్ కెప్టెన్ బాబు మియా కూడా రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని, "మీరున్నారుగా సాబ్, మాకింకేం ఫికర్" అని వెళ్లాడు. ఇంత మర్యాద చేశాక ఏమని అరుస్తాడు?

మ్యాచ్ చూడటానికి మాత్రం ఆయనకి దొరికినంత మంచి చోటు ఇంకెవరికీ దొరకలేదు. కాకపోతే ఎండలో, నిలువుకాళ్ల మీద.

పదకొండేళ్లుగా హమ్రియా ఓడిపోవడం చూస్తున్నాడు. ఈ జట్టుకి మొదటి బ్యాట్లు విమానంలో మోసుకొచ్చింది ఆయనే. వచ్చే గురువారంతో ఉద్యోగం అయిపోతుంది. కాకినాడ వెళ్లిపోతాడు, ఇక మస్కట్ రాడు. వెళ్లేలోగా ఒక్కసారి ఆ కప్పు తన వాళ్ల చేతుల్లో చూడాలి. అంతకుమించి ఏమీ అడగలేదు ఆయన. దానికీ ఈ లాప్‌టాప్ అడ్డం పడింది.

భూమేశ్ వచ్చి టోపీ, రూమ్ తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు.

"జర పట్టుండ్రి సార్."

"గీత చూసుకో నాయనా" అన్నాడు వీరభద్రరావు. ఇంకో ముక్క అంటే నోరు జారేలా ఉంది.

మొదటి బంతి బ్యాట్స్‌మన్‌కి మూరెడు దూరం నుంచి పోయింది. వీరభద్రరావు విసుగ్గా రెండు చేతులూ బార్లా చాపాడు.

మళ్లీ వేస్తే ఫోర్. ఇది తెలిసిన భాగోతమే అన్నట్టు ఆయన చెయ్యి గాల్లో అటూ ఇటూ ఊగింది.

తరవాతది సిక్స్. బంతి కొండకి కొట్టుకుని దొర్లుకుంటూ వెనక్కొచ్చింది. వీరభద్రరావు రెండు చేతులూ పైకెత్తేశాడు.

"ప్లాన్ బాగుందిర కెప్టెనూ! లాప్‌టాప్‌ను గూడ బౌలింగ్‌కు దింపు!" అన్నాడు పోచన్న.

స్కోర్లు సమానం. నాలుగు బంతులు. ఒక్క పరుగొస్తే కప్పు ఖురియాత్‌ది.

వీరభద్రరావు ప్యాంటు జేబులో ఖర్జూరం గింజలు ఆరు ఉంటాయి. బంతికొకటి చొప్పున ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మారుస్తాడు. సీతాదేవి దాన్ని ఆయన జపమాల అంటుంది. ఎడమ జేబులో ఇంకా నాలుగున్నాయి.

మూడో బంతి కాళ్ల దగ్గర పడింది. పరుగు రాలేదు. నాలుగోదానికి మధ్య వికెట్ ఎగిరిపోయింది. అయిదోది కొత్త బ్యాట్స్‌మన్‌ని దాటుకుని నేరుగా కీపర్ చేతుల్లోకి వెళ్లింది.

"భూమేశా! నీ కాళ్లు మొక్కుత, ఇట్లనే ఎయ్యి!" పోచన్న మాట మార్చేశాడు.

ఎడమ జేబులో ఒక్క గింజ. వీడా? ఇన్నేళ్లు ముంచినవాడే ఇవాళ గట్టెక్కిస్తాడా?

భూమేశ్ పరుగెత్తి వచ్చాడు. వీరభద్రరావు తల వంచుకున్నాడు. మరుక్షణం నోరు తెరిచాడు. గొంతు పెగల్లేదు.

బ్యాట్ ఠప్పుమంది. బంతి చాలా ఎత్తుకి లేచింది. అది దిగేచోట, బౌండరీ దగ్గర, నర్సింగ్ ఉన్నాడు. పట్టేశాడు!

జనం తాడు దూకి లోపలికొచ్చేశారు. చైతన్యకృష్ణ గాల్లోకి ఎగురుతూ, "చూశారా అంకుల్? ప్లాన్ కరెక్టే!" అని కేక పెట్టాడు. భూమేశ్ ఏడుస్తూ వచ్చి వీరభద్రరావు కాళ్లు పట్టుకున్నాడు.

"గెల్సినం సార్! మీరు వొయ్యేలోపల కప్పు సూపెట్టిన సార్!"

వీరభద్రరావు చూపు మాత్రం పిచ్ మ్యాట్ మీది సున్నపు గీత దగ్గరే ఉండిపోయింది.

భూమేశ్‌ని లేవదీసి, టోపీ, తాళంచెవి అతని చేతిలో పెట్టేసి, అంపైర్ వీరభద్రరావు కుడిచెయ్యి పక్కకి చాచి "నో బాల్" అన్నాడు.