మూడో నంబరు శుక్లం

ఆపరేషన్ థియేటర్ తలుపు పైన ఎర్ర బల్బు వెలగగానే కరుణమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"కూర్చో వదినా. నువ్వు నిలబడితే లోపల పని తొందరగా అయిపోద్దా?" అంది పక్క కుర్చీలోని రాఘవమ్మ.

ఇద్దరికీ గంట పరిచయం. నరసరావుపేటలోని ఆ కంటాసుపత్రి హాల్లో పొద్దున్నే పక్కపక్కన కూర్చున్నారు. రాఘవమ్మది మాచర్ల దగ్గర పల్లెటూరు. కరుణమ్మ రొంపిచెర్లలో అంగన్‌వాడీ ఆయా. ఒళ్ళో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని, దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"మా ఆయనకి శుక్లం," అంది రాఘవమ్మ. "కల్లంలో మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరవయ్యా అంటే, నిగనిగలాడే ఎర్రకాయలన్నీ ఏరి అవతల పారేశాడు. ఏందిది అంటే, అన్నీ ఒకే రంగులో కనపడుతున్నయ్యే అంటాడు. ఆ పూటే బస్సెక్కించా. మరి మీవాళ్ళెవరు లోపల?"

"మా అమ్మాయి. సరిత."

"అమ్మాయా! ఎన్నేళ్ళు?"

"ఇరవై తొమ్మిది."

రాఘవమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఓరి దేవుడా! ఇరవై తొమ్మిదేళ్ళకే శుక్లమా?"

కరుణమ్మ ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే సరిత గట్టిగా చెప్పింది: 'నువ్వు రావద్దమ్మా, నాకు ఇంకా కంగారు. వచ్చినా, అక్కడెవరితోనూ నా సంగతి ఎత్తొద్దు.' పేరు చెప్పడమే ఎక్కువైందనుకుంది.

వెనక బెంచీలో కూర్చున్న అమీనా బీ ముందుకు వంగింది. ఆమెకు పోయిన నెలలోనే ఎడమ కన్ను ఆపరేషన్ అయింది. ఆ అనుభవంతో హాల్లో అందరికీ సలహాలిస్తోంది.

"వస్తదమ్మా, కుర్రాళ్ళకీ వస్తది. దెబ్బ తగిలినా వస్తది, షుగరున్నా వస్తది. పెళ్ళయిందా?"

"లేదు."

అమీనా బీ, రాఘవమ్మ మొహమొహాలు చూసుకున్నారు.

"అయితే బయట చెప్పబాక. సంబంధాలు రావు," అంది అమీనా బీ.

"చెప్పకుండా ఎట్టా? రేపు తెలిస్తే మాట పడేది పిల్లేగా!" అంది రాఘవమ్మ.

"కంట్లో అద్దం ఎవడికి కనపడుద్ది?"

"కళ్ళ డాక్టరుకిచ్చి చేస్తే కనపడదూ?"

ఎంత ఆందోళనలో ఉన్నా కరుణమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూనే మళ్ళీ ఎర్ర బల్బు వంక చూసింది.

"భయపడబాక వదినా," అంది రాఘవమ్మ. "కంట్లో పుట్టుకతో ఒక అద్దం ఉంటదంట. అది మబ్బు పడితే శుక్లం. చిన్న గాటు పెట్టి, ఆ మబ్బుదాన్ని ముక్కలు చేసి పీల్చేసి, కొత్తది మడిచి లోపలికి తోస్తారంట. అదే లోపల గొడుగు లాగా విప్పుకుంటదంట. పావుగంట పని."

"ఆ పాత అద్దం వెనకాల పల్చటి పొరొకటి ఉంటది," అంది కరుణమ్మ మెల్లగా. "ఉల్లిపొర కూడా దానికంటే మందమే. పీల్చేటప్పుడు అది చిరగకూడదు. నా భయమంతా దానికే."

"ఇయ్యన్నీ నీకెవరు చెప్పారు?"

"మా అమ్మాయే. వారం నుంచి ఇదే మాట. పొద్దున మెతుకు కూడా ముట్టకుండా వచ్చేసింది."

"పాపం, పిల్ల ఎంత బెదిరిందో!" రాఘవమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "టోకెను ఎంత?"

"మూడోది మా అమ్మాయిది."

"మాదీ మూడే! ... ఆ, లోపల రెండు బల్లలున్నయ్యంట. ఒక్కో బల్లకీ ఒక్కో మూడో నంబరు ఉంటదిలే."

కరుణమ్మ క్యారియర్‌ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. తనలో తనే అనుకుంటున్నట్టు, "పెద్ద డాక్టరుగారు పక్కనే ఉంటానన్నారంట," అంది.

"ఉండక యాడికి పోతాడు!"

బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. పావుగంట దాటింది. ఇరవై నిమిషాలైంది. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన రోజు ఇది. ఇది బాగా జరిగితే సరిత తల ఎత్తుకుని ఇంటికొస్తుంది. జరగకపోతే ఆ పిల్ల మొహం ఎలా చూడాలో కరుణమ్మకు తెలియదు. కళ్ళు మూసుకుంది. 'ప్రభువా, ఆ చేతులు వణకనీయకు' అనుకుంది.

పక్కన రాఘవమ్మ కోటప్పకొండ ఎటు ఉందో చూసుకుని, అటు తిరిగి పైకే మొక్కుకుంది. "తండ్రీ త్రికోటేశ్వరా, చేసేవాళ్ళెవరో గానీ ఆ చెయ్యి చల్లగా ఉండాలి."

కరుణమ్మ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ మాట ఇంకోసారి అను వదినా."

"ఒకసారేంది, నూట ఎనిమిది సార్లంటా. మీ పిల్లకీ నా మొగుడికీ కలిపి అంటా."

బల్బు ఆరిపోయింది.

తలుపు సందులోంచి నర్సు తల బయటికొచ్చింది. "మూడో నంబరు వాళ్ళెవరమ్మా?"

ఇద్దరూ ఒక్కసారే లేచారు. ఒక్కసారే పరిగెత్తారు. అమీనా బీ కూడా, తనకేమీ సంబంధం లేకపోయినా, వెనకాలే వచ్చి నిలబడింది.

ముందు చక్రాల కుర్చీ వచ్చింది. అందులో రాఘవమ్మ మొగుడు కొండలు, కుడి కంటి మీద తెల్లటి కట్టుతో, దర్జాగా కూర్చుని ఉన్నాడు.

"ఏమే, చీమ కుట్టినట్టు కూడా లేదే! అనవసరంగా నాలుగేళ్ళు భయపడి చచ్చా," అన్నాడు.

రాఘవమ్మ అతని భుజం తడిమి, తృప్తిగా ఊపిరి పీల్చుకుని, కుర్చీ పక్కనుంచి లోపలికి తొంగి చూసింది.

"మరి మీ పిల్లేది వదినా?"

కుర్చీ వెనకే వచ్చిన ఆకుపచ్చ గౌను డాక్టరు మాస్కు కిందికి లాగి, కరుణమ్మను గట్టిగా వాటేసుకుని, "పొర చిరగలేదమ్మా, నా చేత్తో చేసిన మొట్టమొదటి ఆపరేషను ఈ పెద్దయ్యదే!" అంది.