సొరంగం దాటిన కోపం

రిగ్‌జిన్‌తో లేచిపోయాను. మనాలీ నుంచి, కనుమ కింద కొత్తగా తవ్విన సొరంగం పొడుగునా ఇద్దరం సంతోషంతో కేకలు పెడుతూ, అవతలి సిస్సూలో వాళ్లింట్లో దిగాం.

"కనుమ మీద మంచు కమ్మేసిందిలే. మీ నాన్న ఎండాకాలం దాకా రాలేడు. ఆలోగా కోపం అదే కరుగుతుంది" అంది వాళ్లవ్వ, సొరంగం సంగతి మరిచి.

మా టీ చల్లారకముందే నాన్న జీపు వచ్చి ఆగింది.

అవ్వ కంగారుగా బార్లీ కల్లు గిన్నె అందించింది. పిల్ల తండ్రి అది పుచ్చుకుంటే పెళ్లికి ఒప్పుకున్నట్టే.

"ముట్టను!" అని నాన్న జీపెక్కి వెళ్లిపోయాడు. నేను భోరుమన్నాను.

గంట తిరక్కముందే మళ్లీ వచ్చాడు. మళ్లీ ముట్టనని వెళ్లిపోయాడు.

మూడోసారి నవ్వాపుకోలేక తనే గిన్నె లాక్కున్నాడు.

"రెండుసార్లయినా కాదనకపోతే ఆడపిల్ల తండ్రికి పరువేముంటుంది? సొరంగం లేని రోజుల్లో మా మామ నన్ను రెండేళ్లు తిప్పాడు. సొరంగం పుణ్యమా అని నాకు పొద్దుగూకకముందే తెమిలింది. పొయ్యండి!"