వారమంతా ఎండే

“ఇంత ఎండలో కూర్చుని వాన గురించి పోట్లాడుకునే ఇల్లు మనదొక్కటే,” అంది తల్లి కంచాలు వేస్తూ.

ఎవరూ వినిపించుకోలేదు. పోట్లాట మొదలై అప్పటికి అరగంట.

“రేపటికల్లా మళ్ళలో ఉప్పు ఎత్తేయండి నాన్నా. బుధవారం మధ్యాహ్నానికి వాన ఇక్కడుంటుంది,” అంది కూతురు. మధ్యాహ్నం బస్సు దిగి వచ్చింది. ఇంకా చేతిసంచీ కూడా భుజం మీంచి దించలేదు.

“పొద్దున రేడియోలో ఏమని వచ్చింది?” అన్నాడు తండ్రి, గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ.

“వారమంతా ఎండ అని.”

“మరి?”

“అది ఏడింటి మాట. తర్వాత సముద్రం మీద గాలి తిరిగింది, పదింటికి మా ఆఫీసుకి కబురొచ్చింది.”

పెద్దాడు అప్పటికే ముద్ద కలుపుతున్నాడు. “రేడియోలో ఒక మాట, కంచం దగ్గర ఒక మాట. మేం దేన్ని నమ్మాలే తల్లీ?”

“కంచం దగ్గరిదే నమ్మన్నయ్యా.”

తల్లికి ఇద్దరి బాధా తెలుసు. చలి తగ్గినప్పటినుంచీ ముగ్గురూ కలిసి మళ్ళు తొక్కి, గట్లు వేసి, సముద్రపు నీళ్ళు పెట్టారు. ఈ ఏటికి ఇదే తొలి ఉప్పు. ఇప్పుడు ఎత్తితే పిండిలా ఉంటుంది, కొనేవాడు మొహం చిట్లిస్తాడు. శనివారం దాకా ఆగితే మంచి పలుకు కడుతుంది. కానీ ఈలోగా ఒక్క వాన పడిందంటే పలుకూ లేదు, పిండీ లేదు. రెండు నెలల చాకిరీ ఒక్క గంటలో కరిగి సముద్రంలో కలవడం ఆమె గట్టు మీద నిలబడి రెండుసార్లు చూసింది.

అయితే ఆయనకి రేడియో అంటే రేడియోనే. రెండేళ్ళుగా ఏడింటికి వాతావరణం చదివే ఆ మూడు నిమిషాలూ ఇంట్లో ఎవరూ దగ్గకూడదు, గిన్నె చప్పుడు చెయ్యకూడదు. దానికి ఆయనే దుమ్ము తుడుస్తాడు, ఆయనే గుడ్డ కప్పుతాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమెకు అందులో పాతికోవంతు సేవ జరగలేదు.

“పోయినేడు నా తెలివి నేను వాడుకుని ముందే ఎత్తాను,” అన్నాడాయన పీట మీద కూర్చుంటూ. “ఏమైంది? రేడియో విన్నవాళ్ళ ఉప్పు ముత్యాల్లా వచ్చింది. నాది చూసి ఒడ్డంతా నవ్వింది. వినండి నాన్నా, వినండి నాన్నా అని అప్పుడు గొంతు చించుకున్నదెవరు?”

“నేనే.”

“ఇప్పుడు వినొద్దంటున్నదెవరు?”

“అదీ నేనే. అప్పుడు నిజమైందని ప్రతిసారీ అవుతుందా?”

“అయితే మబ్బు చూపించు.”

కిటికీలోంచి నలుగురూ చూశారు. ఆకాశం ఉతికి ఆరేసిన చీరలా ఉంది.

“కనబడేదాకా ఆగితే ఎత్తడానికి టైముండదు,” అంది కూతురు.

తల్లి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయింది. “ఇవాళ సోమవారం కదే. సెలవు పెట్టావా?”

“లేదు. మధ్యలో లేచి వచ్చేశాను.”

“అడగకుండానా?”

“అడిగాను. కుదరదన్నారు.”

“కుదరదన్నాక వచ్చేస్తే ఎలాగే? వచ్చే నెల పర్మినెంటు చేస్తామన్నారు కదా!”

“ఇలాగైతే ఆ సంగతి మళ్ళీ ఆలోచించుకోవాల్సి ఉంటుందన్నారు. ఆలోచించుకోమన్నాను.”

తల్లి నెత్తి కొట్టుకుంది. పెద్దాడు మాత్రం నవ్వాడు. “ఉప్పు పోతే పోయింది, ఉద్యోగం కూడా పోగొట్టుకుని రా. ఇద్దరం కలిసి మళ్ళు తొక్కుదాం.”

“తొక్కుతాను. నీకంటే బాగానే తొక్కుతాను.”

“ఆగండ్రా,” అన్నాడు తండ్రి. గొంతు తగ్గింది. “ఒడ్డు పొడుగునా నలభై ఇళ్ళవాళ్ళు శనివారం అనుకుని కూర్చున్నారు. నేనొక్కణ్ణీ రేపు ఉప్పు లాగే చెక్క పట్టుకుని దిగితే ఏమని చెప్పను? మా అమ్మాయికి అనిపించిందనా?”

“మన ఉప్పొక్కటే కాదు నాన్నా. ఆ నలభై ఇళ్ళదీ పోతుంది.”

ఆ మాట అంటూ ఆమె సంచీ పట్టీ మెలిపెట్టింది. అది కోపమో, ఏడుపో తల్లికి అంతుపట్టలేదు.

“చూడమ్మా,” అన్నాడు తండ్రి. “ఇంట్లో మాట ఇంటిదాకానే. దానికి ఊరు కదలదు. ఆ మాట రేడియోలో రానీ, ముద్ద వదిలేసి లేస్తాను. నలభై ఇళ్ళ తలుపులూ నేనే కొడతాను.”

“నిజంగానా?”

“నా మాట నేనెప్పుడు తప్పాను?”

కూతురు చెంబు అందుకుంది. మంచినీళ్ళు మాత్రం తాగింది. సంచీ భుజానికి సర్దుకుని చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

“రెండు ముద్దలైనా తిని పోవే,” అంది తల్లి. “ఇంతకీ ఎక్కడికి?”

“ఆఫీసుకే.”

“మళ్ళీ రానిస్తారా?”

“ఇవాళ్టికైతే ఆ కుర్చీ నాదే.”

గుమ్మం దాటబోతూ ఆగి వెనక్కి తిరిగింది. ఇందాకటిదాకా అరిచిన మనిషేనా అన్నట్టు, కంచాల ముందున్న ముగ్గురికీ వినబడేంత మెల్లగా చెప్పింది.

“సాయంత్రం ఆరింటికి రేడియో పెట్టుకోండి, పొద్దున వారమంతా ఎండేనని అందులో చదివిన నేనే, మా ఆఫీసువాళ్ళు వద్దన్నా సరే, అది తప్పని చదవబోతున్నాను.”