తడిసిన బూట్లు

"మళ్ళీ తప్పే!" అంటూ బ్రిన్ పెన్సిలు బల్ల మీద పడేసింది.

ఏడో తరగతి చదివే ఆ పిల్లకు తేనెటీగల మీదో అగ్నిపర్వతాల మీదో పాఠం ఇచ్చి ప్రశ్నలడిగితే ఇరవైకి ఇరవై వస్తాయి. కథ ఇస్తే మాత్రం ఆరు దాటవు.

"తేనెటీగకు ఎన్ని కాళ్లో పాఠంలో రాసేస్తారు. కథలో ఎవరి మనసులో ఏముందో ఒక్కరూ రాయరు. నాకేమన్నా కలలోకొచ్చి చెప్తారా?"

ఎదురుగా కూర్చున్న ముసలాయన నవ్వాడు.

ఆయన పేరు ఆర్వో హాకాలా. సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో ఒంటరిగా ఉంటాడు. జనవరి నుంచి ప్రతి మంగళవారం, గురువారం బడికి వచ్చి, చదువులో వెనకబడ్డ పిల్లల పక్కన కూర్చుంటున్నాడు. జీతం లేదు. పాఠమూ చెప్పడు.

"ఎక్కడుంది? వేలు పెట్టి చూపించు" అనడం తప్ప ఆయనకు ఇంకేమీ రాదని పిల్లలు వేళాకోళం చేసేవారు.

బ్రిన్‌కు వేళాకోళానికి తీరిక లేదు. ఏప్రిల్ పరీక్ష తప్పితే వచ్చే ఏడాది బ్యాండ్ క్లాసు తీసేసి, ఆ గంట కూడా వెనకబడ్డవాళ్ల చదువు క్లాసులోనే కూర్చోబెడతారు. బడి వాళ్లిచ్చిన పొడుగాటి బాకా, ట్రాంబోన్, తిరిగి ఇచ్చెయ్యాలి.

"అంత బాగా ఊదుతావా?" అని అడిగాడు హాకాలా.

"నేను ఊదితే మా కుక్క మంచం కింద దూరుతుంది. అయినా వదలను."

"అయితే ఇంకోటి చదువు."

అది పాత పరీక్షల్లోంచి తీసిన కాగితం. రాసినవాళ్ల పేరు లేదు. ఆ కాగితాల మీద ఎప్పుడూ ఉండదు.

బ్రిన్ పైకి చదివింది. ఒక పిల్లవాడు నాన్న వద్దన్నా వినకుండా, గడ్డకట్టిన సరస్సు మీదికి చేపలకు వెళ్తాడు. మంచు పగులుతుంది. ఎలాగో ఒడ్డు పట్టుకుని, చుట్టూ తిరిగి ఇల్లు చేరతాడు. ఇంట్లో ఎవరూ ఉండరు. కాసేపటికి నాన్న వస్తాడు. ఒక్క మాట అనడు. వేడి సూపు గిన్నె కొడుకు ముందు పెట్టి, పొయ్యి వైపు తిరిగి నిలబడతాడు.

కింద ప్రశ్న: తండ్రికి ఎలా అనిపించింది? కోపం, అలసట, భయం, గర్వం.

"కోపం," అన్నాడు హాకాలా.

బ్రిన్ తలెత్తింది. ఆయన ఏనాడూ జవాబు చెప్పే మనిషి కాదు.

"ఇందులో ఆలోచించడానికేముంది? రెండు రోజులు మాట్లాడకపోతే కోపం కాక ఇంకేమిటి?" అన్నాడాయన మళ్ళీ.

"రెండు రోజులా?" బ్రిన్ కాగితమంతా వెతికింది. "ఎక్కడుంది? వేలు పెట్టి చూపించండి."

ఆయన వేలు లేచింది. ఎక్కడా వాలలేదు.

"లేదు. నేనే కలిపాను."

"లేనిది కలపొద్దని రోజూ నన్ను చంపుకు తింటారుగా!"

ఆయన్ను పట్టుకున్నందుకు బ్రిన్‌కు హుషారు వచ్చింది. మొదటి నుంచి మళ్ళీ చదివింది. ఈసారి నెమ్మదిగా. ఒకచోట ఆగి, వాక్యం మీద తన వేలే పెట్టింది.

"'నాన్న భుజం మీది తాడు మూలన పడేసి, నీళ్లు కారుతున్న బూట్లు విప్పాడు.' ఈ బూట్లు ఎందుకు తడిశాయి?"

"కట్టెలకు వెళ్లి వచ్చాడు కదా."

"కట్టెలేవి మరి? కట్టెలని రాయలేదు, తాడని రాశారు. బూట్లలో నీళ్లున్నాయి. అంటే సరస్సులోకే వెళ్లాడు. కొడుకు మునిగిపోయాడనుకుని తాడు పట్టుకుని వెళ్లాడు!"

హాకాలా కాగితం తన వైపు లాక్కుని ఆ వాక్యం మీదికి వంగాడు.

"ఇంటికొచ్చి చూస్తే వీడు బల్ల దగ్గర కూర్చునున్నాడు. ఇంక ఆయనకు మాటేం వస్తుంది? అది కోపం కాదు, భయం. ఆ పిల్లాడు ఎంత మొద్దండీ! కళ్లెదుట ఉన్నా చూసుకోలేదు."

"మొద్దే," అన్నాడాయన మెల్లగా.

కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు. గంట కొట్టక ముందే లేచి, బ్రిన్‌తో పెద్దవాళ్లతో కలిపినట్టు చెయ్యి కలిపాడు.

"నీకు రుణపడ్డాను, అమ్మాయ్."

"నాకా? ఎందుకూ?"

ఆయన అప్పటికే గుమ్మం దాటాడు.

ఆ రోజు నుంచి బ్రిన్‌కు కథలంటే భయం పోయింది. మనసులో ఉన్నది రాయకపోయినా బూట్లలోనో తాడులోనో దొరుకుతుందని తెలిసింది.

పరీక్షలో నెగ్గింది. ట్రాంబోన్ ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఫలితాలు వచ్చిన రోజు చదువు గదికి పరుగెత్తుకు వెళ్లింది. "మిస్టర్ హాకాలా ఏరీ? మా బ్యాండ్ కచేరీకి ముందు వరసలో ఆయనకు కుర్చీ అట్టేపెట్టాను. ఊదడం అయ్యాక అందరి ముందూ థాంక్స్ చెప్పాలి."

టీచర్ మిసెస్ డెలోంగ్ ఆమెను దగ్గరికి తీసుకుంది.

"ఆయన ఆదివారం పోయారమ్మా. నీకిమ్మని వాళ్లమ్మాయి ఇది తెచ్చింది."

కవరులో ఊరి పత్రికలోంచి కత్తిరించిన పాత ముక్క. రంగు మారిపోయింది. అదే సరస్సు, అదే సూపు గిన్నె. కథ పేరు కింద రాసినవారి పేరు: ఆర్వో హాకాలా.

బ్రిన్ నిలబడే చదివింది.

అడుగున ఖాళీలో ఈమధ్యే రాసిన పెన్సిలు అక్షరాలు ఉన్నాయి: "మా నాన్న చనిపోయేదాకా, ఆ తర్వాత కూడా, ఆయనకు నా మీద కోపమనే అనుకున్నాను, నన్ను వెతకడానికే వెళ్లాడని అరవై ఎనిమిదేళ్ల తర్వాత నువ్వు చదివి చెప్పావు, థాంక్స్ టీచర్."