మీకేం నొప్పి?

"ఎంత ఉంది?" అడిగాడు డాక్టరు, ఎక్స్‌రే మీంచి కళ్ళెత్తకుండానే.

"క్లచ్ తొక్కినప్పుడల్లా ప్రాణం పోతోందండీ," అన్నాడు బస్సు డ్రైవరు, ఎడమ మోకాలు పట్టుకుని.

"నొప్పి సంగతి కాదండీ. ఇన్సూరెన్స్ ఎంత ఉంది?"

"బోలెడు ఉందండీ," భార్య గొప్పగా అందుకుంది. "మా అమ్మాయి ఆఫీసు వాళ్ళిచ్చారు."

డాక్టరు అప్పుడు తలెత్తాడు. "అయితే రెండు మోకాళ్ళూ మార్చేద్దాం."

"కుడిది బ్రేకు కాలండీ. దానికేం లేదు."

"ఇవాళ లేదు. రేపు రాదని నమ్మకమేంటి?"

ఆలోచించుకుని వస్తామని చెప్పి ఇద్దరూ బయటపడ్డారు.

"మన జేబులోంచి పోయేదేముంది? కంపెనీ వాళ్ళు ఇస్తుంటే మీకేం నొప్పి?" వరండాలో గొణిగింది భార్య.

"డబ్బు వాళ్ళదేనే. కాలు నాది."

ఆమె మెట్ల వైపు నడిచింది.

మెట్లు దిగేటప్పుడు భారమంతా కుడి కాలి మీద వేయడం అతనికి అలవాటు. ఈసారి వేయబోయి ఆగిపోయాడు.

"ఏమైంది? నొప్పిగా ఉందా?"

"లేదు," అన్నాడు.

అంటూనే రెండు చేతులతోనూ రెయిలింగ్ పట్టుకున్నాడు.