చింతమొద్దులో పిల్ల

ముసలాయన మొద్దుకు చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

స్టీఫెన్ లేత్ మిషన్ ఆపి చూశాడు. పెద్దపల్లిలో అతని దుకాణానికి మంచం కోళ్ళ కోసమో, చర్చిలో పెట్టే కొవ్వొత్తి స్టాండ్ల కోసమో వస్తారు. ఈయన ఏమీ అడగలేదు. తిన్నగా పోయి మూలనున్న చింతమొద్దు పక్కన కూర్చున్నాడు.

“ఏం గావాలె తాతా?”

“ఇది ఏ ఊరి చెట్టు బిడ్డా?”

“ఉట్నూర్ దిక్కుది. రోడ్డు వెడల్పు జేసినప్పుడు కొట్టేసిన్రట. సామిల్లోళ్ళ దగ్గర కొన్న. ఏమాయె?”

ముసలాయన గులకరాయితో మొద్దు మీద రెండుసార్లు తట్టాడు. మళ్ళీ చెవి పెట్టాడు.

“దీంట్ల ఒక పిల్ల ఉన్నది,” అన్నాడు.

స్టీఫెన్ నవ్వబోయి ఆగిపోయాడు. ముసలాయన ముఖంలో పిచ్చి లేదు. అదే భయమనిపించింది.

“మిషన్ మీద పెట్టకు. జర నాకియ్యి. మెల్లగ నేనే తీస్త.”

“నేను ప్రభువును నమ్మినోణ్ణి తాతా. గీ దయ్యాల ముచ్చట నా దగ్గర వద్దు.”

ఆ మొద్దుతో నడుమెత్తు పూలకుండీ చేసి ఇవ్వాలి. వంశీధర్‌రావు కొత్తింట్లో హాలు మధ్యన పెట్టడానికి. ఆదివారమే గృహప్రవేశం.

ముసలాయన బయటికి వెళ్ళాడు గానీ పోలేదు. ఎదురుగా రోడ్డవతల నిలబడి, పొద్దు గూకేదాకా దుకాణం వైపే చూశాడు.

తెల్లారి షట్టర్ తీసేసరికి గుమ్మంలో ఉన్నాడు. జాలిపడి స్టీఫెన్ భార్య గ్రేస్ చాయ్ తీసుకెళ్ళింది. గ్లాసు అలాగే పట్టుకుని తిరిగొచ్చింది.

“ఆయన మొద్దుతోని మాట్లాడుతుండు,” అంది.

“ఏమని?”

“‘భయపడకు బిడ్డా, ఇంటికి తీస్కపోత’ అంటుండు.”

మూడోనాడు ముసలాయన మొద్దును రెండు చేతులా కావలించుకుని కూర్చున్నాడు. లేవమంటే లేవలేదు. స్టీఫెన్ ఓపిక అయిపోయింది. చంకల కింద చేతులు పెట్టి ఎత్తాడు. మనిషి బరువే లేడు. అట్లాగే నడిపించుకుపోయి ఉట్నూర్ దిక్కు పోయే బస్సు ఎక్కించాడు.

“నీ పేరేంది తాతా?”

“అంబదాస్.”

బస్సు కదిలింది. కిటికీలోంచి ముసలాయన రెండు చేతులూ జోడించాడు.

“పెట్టకు బిడ్డా.”

మర్నాడు పొద్దున్నే స్టీఫెన్ మొద్దును మిషన్‌కు బిగించాడు. ఉలి ఆనించగానే పైపొర పట్టీలు పట్టీలుగా ఊడింది. లోపల చేవ ముదురు గోధుమరంగులో మెరిసింది. చేయి సాఫీగా సాగింది. ఇంకొంచెం లోపలికి పోగానే కర్ర నల్లబడింది, సిరా ఒలికినట్టు.

అప్పుడు మొదలైంది ఆ చప్పుడు. సన్నగా, ఆగకుండా.

గ్రేస్ లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది.

“ఎవరి పిల్లనో ఏడుస్తున్నదేందయ్యా?”

స్టీఫెన్ తల తిప్పాడు. ఆ క్షణాన ఉలి విరిగింది. విరిగిన ముక్క అతని కనుబొమను చీల్చుకుంటూ పోయి వెనక తలుపులో దిగబడింది. తల తిప్పకపోయి ఉంటే కన్ను పోయేది.

ఆరు కుట్లు పడ్డాయి. దవాఖాన నుంచి వచ్చి, గ్రేస్ వద్దంటున్నా వినకుండా, గొడ్డలితో మొద్దును చీల్చాడు.

లోపల జానెడు ఇనుప మేకు. ఎప్పుడో కొట్టింది. చెట్టు దాన్ని మింగి పైన మూసుకుంది. మేకుకు చుట్టి పిడికెడు జుట్టు, ఎర్ర రిబ్బను పేలిక. జుట్టు మెత్తగా ఉంది. చిన్నపిల్లది.

గ్రేస్ దస్తీ తెచ్చి అన్నిటినీ అందులో మూటగట్టింది.

సామిల్లువాళ్ళను అడిగి చెట్టు కొట్టిన ఊరు తెలుసుకున్నాడు. రెండు బస్సులు మారి, ఉట్నూర్‌లో జీపెక్కి ఆ ఊరు చేరాడు. అంబదాస్ ఇల్లు ఏదంటే ఊరి చివర గుడిసె చూపించారు. అరుగు మీద అరవై ఏళ్ళ ఆవిడ కూర్చుని ఉంది. పేరు చంద్రవ్వ అని చెప్పింది.

“ఆయన లేడు బిడ్డా. బస్సు దిగి వచ్చి పండుకున్నోడు మళ్ళ లేవలే. నిన్ననే మన్ను పోసినం.”

స్టీఫెన్ అరుగు మీద కూలబడి దస్తీ మూట విప్పాడు.

చంద్రవ్వ మేకును ముట్టలేదు. జుట్టును మాత్రం అరచేతిలోకి తీసుకుని ఒక్కవేలితో నిమిరింది, చాలాసేపు.

“నా సోనాబాయివే,” అంది. “తొమ్మిదేండ్లుండె.”

“నన్ను మాఫ్ చెయ్యి అవ్వా. బిడ్డ కోసం వచ్చిండని నాకు ఎరుకలేకుండె. మీ పెనిమిటిని నా చేతులతోని బయటికి గుంజిన.”

“నా పెనిమిటి ఎప్పుడో పోయిండు. ఈయన నాకేం గాడు, నాది పక్కిల్లు.”

“మరి పిల్లకేమాయె అవ్వా?”

“పిల్లకు జరమొచ్చింది. గాలి సోకిందన్నరు, దవాఖానకు తీస్కపోనియ్యలే. మూడోనాటికి పాణం పోయింది. ముప్పై ఏండ్లాయె. చెట్టు కొట్టేసిన్నాడు ఈయన ముందర నిలవడి, నా బిడ్డను తెచ్చియ్యమన్న. గప్పటిసంది సామిల్లు సామిల్లు తిరిగిండు. ఏ మొద్దు కనవడ్డా చెవి పెట్టుడే.”

“నువ్వడిగితే ఎందుకు తిరిగిండు అవ్వా, ఏం గానోడు?”

చంద్రవ్వ జుట్టును కొంగున ముడేసుకుంది.

“ఎంటికలు చెట్టుకు కొడితే గాలి పోతదన్నది ఆయనే బిడ్డా,” అంది. “గా మేకు కొట్టింది గూడ ఆయనే.”