సబ్జా కుండీ

"నా కుండీ మళ్లీ పోయింది, రావుసాబ్."

లింగారావు టమాట నారు మీద నీళ్లు చల్లుతున్నాడు. తల తిప్పలేదు.

"పిల్లి పడేసిందేమో చూడుర్రి భాభీ."

"పిల్లి పడేస్తే కింద మట్టన్న ఉంటది గదా. కుండీతోటి సహా మాయమైంది. పోయినసారి గూడ గిట్లనే."

"దొంగిలించిన మొక్కనే మంచిగ బతుకుతదంటరు. ఫికర్ చెయ్యకుర్రి, ఏడనో బతుకుతుంటది."

ఆ నింపాదితనం చూసి రబియాకు ఒళ్లు మండింది. పోయింది తన మొక్క. ఆయనకేం, ఎన్ని సామెతలైనా చెప్తాడు.

మెట్‌పల్లిలో ఆ కాలనీవాళ్లు చందాలేసుకుని కట్టుకున్న గ్రీన్‌హౌస్ అది. తీరిక ఉన్నవాళ్లు పొద్దున్నే వచ్చి నారు పోస్తారు, పెంచుతారు, అడిగినవాళ్లకు ఊరికే ఇస్తారు. రబియాకు తీరిక తప్ప ఇంకేమీ మిగల్లేదు. భర్త నజీరుద్దీన్ బస్టాండు దగ్గర టైలర్. పిల్లలు లేరు. ఆయన పోయాక ఆ ఇంట్లో మాట అన్నది వినపడటం మానేసింది. కుక్కర్ కూతేస్తే "వస్తున్న ఆగు" అని దానికే జవాబు చెప్పుకునేదాకా వచ్చింది పాపం.

లింగారావుదీ ఒంటి బతుకే. నజీరుద్దీన్‌ను మట్టి చేసిన రోజు వచ్చినవాళ్లలో ఆయనా ఒకడు. "నజీర్ భాయ్ కుట్టిన ప్యాంటు, నేను పోతగని అది చిరగదు" అనేవాడు. రోజు మొత్తం మీద రబియా నోరారా మాట్లాడేది గ్రీన్‌హౌస్‌లో ఆయనతోనే.

నజీరుద్దీన్‌కు సబ్జా వాసనంటే ప్రాణం. దుకాణం గడప పక్కన ఎప్పుడూ ఒక కుండీ ఉండేది. ఆయనను పూడ్చిన కబర్ మీద సబ్జా నాటించాలన్నది రబియాకు మిగిలిన ఒకే ఒక్క కోరిక. వాళ్లింటి ఆడవాళ్లు కబరస్తాన్ లోపలికి పోయే ఆనవాయితీ లేదు. గోడ బయటే నిలబడి దువా చేసుకుని రావాలి. అందుకని బావగారి కొడుకు రాహిల్‌ను పట్టుకుంది.

"చాచీ, గీ జుమ్మాకు దుకాణంల జర పరేషాన్ ఉన్నది. వచ్చే జుమ్మాకు పక్కా" అనేవాడు ప్రతి శుక్రవారం ఫోన్‌లో.

"మొక్క ముదిరిపోతది బేటా."

"ముదిరితే ఇంకోటి పెట్టు చాచీ."

ఇంకోటి పెట్టేది. గుబురుగా ఎదిగేసరికి అది కాస్తా మాయమయ్యేది. ఏడాది పొడుగునా ఇదే కథ.

"నీకు తెల్వదా అక్కా" అంది మిరప నారు దగ్గర కూర్చున్న జానకీబాయి గొంతు తగ్గించి. "రావుసాబ్ అల్లునికి నిర్మల్ తొవ్వల నర్సరీ ఉన్నది. ఊకెనే వచ్చిన మొక్క ఊకెనే ఉంటదా?"

రబియా నమ్మలేదు. నమ్మకూడదనే అనుకుంది. కానీ మనసు ఊరుకుంటుందా? మర్నాటి నుంచి కన్ను ఆయన మీదే. అప్పుడప్పుడు ఆయన అందరికంటే ముందు పని చాలించి లేచేవాడు. స్కూటర్‌కు నీళ్ల డబ్బా తగిలించుకునేవాడు. నెత్తికి రుమాలు బిగించేవాడు. ఎండ లేదు, చలి లేదు, రుమాలెందుకు? మొహం దాచుకోవడానికి కాకపోతే?

ఒకరోజు ఆమె ఆయన స్కూటర్ పక్క నుంచి నడుస్తుంటే దానికున్న సంచిలోంచి గుప్పున వాసన వచ్చింది. ముక్కు మోసం చెయ్యదు. అది సబ్జా.

"రావుసాబ్, గా సంచి తియ్యిర్రి."

అందరూ చేతిలో పని ఆపి చూశారు. లింగారావు కదల్లేదు. రబియానే సంచి తెరిచింది. లోపల తన కుండీ, గుర్తుగా తను కట్టిన ఎర్రదారంతో సహా ఉంది.

"అడిగితే నేనియ్యకపోదునా?" అంది రబియా.

"అడిగితే వద్దంటరేమోనని, భాభీ…"

"అమ్ముకోను అడిగితే ఎవలన్న ఇస్తరా? పోయిన మనిషి పేరు మీద పెట్టుకున్న మొక్క అది. మీకు చేతులెట్లొచ్చినయి?"

ఆయన ఏదో చెప్పబోయాడు. చుట్టూ నిలబడ్డవాళ్లను చూసి ఆగిపోయాడు.

"తప్పయింది భాభీ" అని కుండీ ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. జానకీబాయి ఒక పూట ఆ ముచ్చట తీరిగ్గా చెప్పుకుని, ఆ తర్వాత తన మిరప నారులో పడింది. టమాట నారు వాడిపోతుంటే చూడలేక రబియానే నీళ్లు చల్లింది. "చూసిండ్రా, పూత వచ్చింది" అని అలవాటుగా పక్కకు తిరిగితే అక్కడ ఎవరూ లేరు. దొంగను పట్టుకున్నందుకు సంతోషించాలి గదా, ఏడుపెందుకొస్తోందో ఆమెకే అర్థం కాలేదు. ఇంటికి పోతే కుక్కర్, ఇక్కడికొస్తే పైపు. మాట్లాడటానికి మనిషి లేడు.

ఆ దుఃఖంలోనే రాహిల్‌కు ఫోన్ చేసి గట్టిగా ఏడ్చేసింది. ఏ కళనున్నాడో, ఆ జుమ్మాకు నిజంగానే వచ్చాడు. నమాజు చేసుకుని, దక్కిన ఆ ఒక్క కుండీని బండి మీద పెట్టుకుని కబరస్తాన్‌కు పోయాడు. రబియా గ్రీన్‌హౌస్ గుమ్మంలోనే కూర్చుని ఎదురుచూసింది. ఇన్నాళ్లకు ఆయనకు సబ్జా వాసన అందుతుందనుకుంటే గుండె తేలికైంది.

బండి తిరిగొచ్చింది. రాహిల్ చేతిలో కుండీ అట్లనే ఉంది.

"నాటలేదారా? మళ్లీ వచ్చే జుమ్మానా?"

"పోయిన చాచీ. కబర్ కాడ కూసోని ఫాతిహా గూడ చదివిన."

"మరి మొక్కెందుకు వాపస్ తెచ్చినవ్?"

కబరస్తాన్‌లోకి పోయేటప్పుడు నెత్తికి బిగించిన రుమాలును రాహిల్ మెల్లగా విప్పుకున్నాడు. ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

"చాచా కబర్ నిండ సబ్జానే ఉన్నది, చాచీ."